చలువ గదిలో లేజరు

లేజరు అనగానే చాలామంది మనస్సులో మెదిలేది ఇనుపరేకును కోసుకుంటూ పోయే నిప్పులాంటి కిరణం. దహించడమే దాని స్వభావమనీ, వేడే దాని పుట్టిల్లనీ అనుకోవడం కద్దు. ఒక దూరవాణి సంస్థలో గాజుపోగుల పనిమీద పదిహేనేళ్ళు ఊళ్ళు తిరిగిన నాకు మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధమైన చిత్రమే కళ్ళకు కడుతుంది. నేనెరిగిన లేజరు ఎండ కన్నెరుగని పిల్ల. గది నాలుగు డిగ్రీలు వేడెక్కితే దాని రంగు మారుతుంది, పది డిగ్రీలు ఎక్కితే తిండి ఎక్కువ అడుగుతుంది, ఇంకా ఎక్కితే అలిగి ఆరిపోతుంది. ఆ సుకుమారానికి కారణాలేమిటో, దాన్ని కాపాడడానికి ఎవరెవరు ఎండలో నిలబడ్డారో వ్రాద్దామని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మొదట అసలు వైరం ఎక్కడుందో చూద్దాం. గుడి మెట్లమీద కూర్చున్న జనాన్ని ఊహించుకోండి. ఎక్కలేనివారు ఎక్కువ కాబట్టి కింది మెట్లమీద రద్దీ, పైకి పోయే కొద్దీ పలచన. అణువుల్లో శక్తిస్థాయిలు కూడా అటువంటివే. ఒక వస్తువు ఒక నిలకడ ఉష్ణోగ్రతలో ఉన్నంతకాలం పై మెట్టుమీద ఉన్నవారి సంఖ్య కింది మెట్టుమీదివారికంటె తక్కువగానే ఉంటుంది. ఎంత తక్కువ అన్నది తేల్చేది ఉష్ణోగ్రత. ఇది బోల్ట్‌జ్మన్ చెప్పిన సూత్రం. లేజరుకు కావలసింది దీనికి తలకిందులు: పైన ఎక్కువమంది, కింద తక్కువమంది. అలా ఉన్నప్పుడే, 1917లో ఐన్‌స్టైన్ చెప్పిన ప్రేరిత ఉద్గారం పైచేయి అయి, ఒక కాంతికణం తనలాంటి మరొకదాన్ని వెంటబెట్టుకుని బయలుదేరుతుంది. ఈ జనాభా తారుమారు స్థితిని బోల్ట్‌జ్మన్ సూత్రంలోకి బలవంతంగా ఎక్కిస్తే ఉష్ణోగ్రత ఋణసంఖ్యగా వస్తుంది. అంటే వేడికి సంబంధించిన మామూలు న్యాయాలన్నింటినీ ధిక్కరించి నిలబడిన స్థితి అన్నమాట. వేడి పని సమం చేయడం, లేజరు పని సమం కానివ్వకపోవడం. ఇక పొత్తు ఎలా కుదురుతుంది?

అయితే అన్ని లేజర్లూ వేడికి ఒకేలా స్పందించవు. ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో మా ప్రయోగశాలలో ఒక హీలియం–నియాన్ లేజరు ఉండేది. అడుగు పొడవు గాజుగొట్టం, రెండు కొసలా రెండు అద్దాలు, 632.8 నానోమీటర్ల ఎర్రని కాంతి. దాన్ని వెలిగించిన వెంటనే ముందర ఒక ధ్రువణకాన్ని పెట్టి చూస్తే, వెలుగు మెల్లగా పెరిగేది, మెల్లగా తరిగేది, మళ్ళీ పెరిగేది. నిద్రపోతున్న మనిషి ఛాతీలా ఉండేది ఆ కదలిక. కారణం చాలా సులభం. రెండద్దాల నడుమ సరిగ్గా పట్టే అలలే బ్రతుకుతాయి. గొట్టం వేడెక్కి సాగుతున్నకొద్దీ ఒక అల పక్కకు జరిగి ఇంకొక అలకు చోటిస్తుంది, పక్కపక్క అలల ధ్రువణదిశలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. బోరోసిలికేట్ గాజు అడుగు పొడవున ఒక్క డిగ్రీకి సాగేది దాదాపు ఒక మైక్రాను. అర తరంగదైర్ఘ్యం మైక్రానులో మూడోవంతు కంటె కాస్త తక్కువ. అంటే డిగ్రీకి మూడు ఊపిరులు! గొట్టం వేడి నిలకడ పడుతున్నకొద్దీ ఊపిరి నిదానించేది. అందుకే మా మాస్టారు ప్రయోగానికి అరగంట ముందే దాన్ని వెలిగించి ఉంచమనేవారు. ఈ లేజరుకు వేడి శత్రువు కాదు, కాస్త చికాకు మాత్రమే.

బొగ్గుపులుసు వాయువు లేజరు సంగతి వేరు. (కార్బన్ డయాక్సైడును అలా పిలవడం నాకిష్టం, ముక్కు విరిచేవారు విరవవచ్చు.) బారామతిలో పుట్టిన చంద్ర కుమార్ నారన్‌భాయ్ పటేల్ 1964లో బెల్ ప్రయోగశాలల్లో దీన్ని వెలిగించాడు. ఇందులో లేజరు కాంతిని ఇచ్చేసిన అణువులు దిగే కింది మెట్టు నేలకు మరీ ఎత్తులో లేదు. వాయువు వేడెక్కితే ఆ వేడికే కొన్ని అణువులు నేలమీదినుండి ఆ మెట్టెక్కి కూర్చుంటాయి. కింది మెట్టు నిండిపోయాక తారుమారు ఎక్కడిది? అందుకే గొట్టంలో హీలియం కూడా కలుపుతారు. అది వేడిని గోడలకు త్వరగా మోసుకుపోతుంది, కింది మెట్టును ఖాళీ చేయడానికీ సాయపడుతుంది. గోడల చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. అక్రిలిక్ బోర్డులు కోసే చిన్న దుకాణంలో కూడా లేజరు యంత్రం పక్కన నీటి చిల్లరు గురగురలాడుతూ ఉంటుంది, గమనించండి. ఇనుమును కోసే లేజరు సైతం తాను మాత్రం చల్లగా ఉండాలంటుంది.

నా బ్రతుకు ముడిపడింది వీటితో కాదు, ఆవగింజకంటె చిన్నదైన అర్ధవాహక లేజరుతో. దాని కథ మొదలైందే గడ్డకట్టే చలిలో. 1962లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వారి షెనెక్టడీ ప్రయోగశాలలో రాబర్ట్ హాల్ బృందం గాలియం ఆర్సెనైడు ముక్కతో తొలి అర్ధవాహక లేజరును వెలిగించింది. కొద్ది వారాల తేడాతో మరి మూడు బృందాలు అదే పని చేశాయి. కాని ఆ ముక్కలు ద్రవ నత్రజనిలో మునిగి ఉండాలి. అంటే 77 కెల్విన్లు, మన లెక్కలో సున్నాకు 196 డిగ్రీలు దిగువ. అప్పుడు కూడా రెప్పపాటు మెరుపులే తప్ప ఎడతెగని వెలుగు రాదు. గది వేడిలో పెట్టి అదే పని చేయించబోతే చదరపు సెంటీమీటరుకు పదుల వేల ఆంపియర్ల విద్యుత్తు అడిగేది. అంత మింగిన ముక్క వెలిగేలోపే మాడిపోతుంది.

ఇక్కడ ఒక మాట అవసరమవుతుంది. అర్ధవాహక లేజరులోకి విద్యుత్తును కొద్దికొద్దిగా పెంచుతూ పోతే మొదట గుడ్డి వెలుగే వస్తుంది. ఒక హద్దు దాటగానే ఉన్నట్టుండి కాంతి ఏకముఖమై, ఒకే రంగై, నిటారుగా పైకి లేస్తుంది. ఆ హద్దును ఆంగ్లంలో త్రెషోల్డు అంటారు. 'అవధి' అనీ, 'ప్రారంభసీమ' అనీ వాడిన పుస్తకాలు చూశాను. నేను మాత్రం 'గడప' అంటాను. ఆంగ్లపదానికి అసలర్థమూ అదే, మన ఇళ్ళల్లో అర్థమయ్యే మాటా అదే. ఇంతకంటె మేలైనది ఎవరైనా చెబితే సంతోషంగా మార్చుకుంటాను.

వేడి ఆ గడపను ఎత్తు చేస్తుంది. అదీ మెల్లగా కాదు, చక్రవడ్డీ పెరిగినట్టు. ప్రతి లేజరు జాతికీ ఒక ఓర్పుసంఖ్య ఉంటుంది, వృత్తిలో 'టీ నాట్' అంటాం. అది ఎంత పెద్దదైతే వేడిని అంత ఓర్చుకుంటుంది. గాలియం ఆర్సెనైడు జాతికి అది 150 కెల్విన్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ లేజరును 25 డిగ్రీలనుండి 55కు తీసుకుపోతే గడప 1.22 రెట్లు అవుతుంది, సర్దుకోవచ్చు. కాని గాజుపోగులకు అది పనికిరాదు. గాజు తన గుండా పోయే కాంతిని తక్కువగా మింగేదీ, తక్కువగా చెదరగొట్టేదీ 1310, 1550 నానోమీటర్ల పరారుణం దగ్గర. ఆ కాంతికి ఇండియం, గాలియం, ఆర్సెనిక్, ఫాస్ఫరస్ నాలుగూ కలిసిన మిశ్రమం కావాలి. దాని ఓర్పుసంఖ్య 50 నుండి 70. సంఖ్య 60 అనుకుంటే, అదే 30 డిగ్రీల పెరుగుదలకు గడప 1.65 రెట్లవుతుంది. 85 డిగ్రీల దగ్గర 2.7 రెట్లు. పొడుగాటి తరంగాల లేజర్లలో ఓజే ప్రక్రియ అనేదొకటి ఎక్కువ. ఒక ఎలక్ట్రాను కిందికి దిగుతూ కాంతిగా ఇవ్వవలసిన శక్తిని చాటుగా మరొక ఎలక్ట్రాను చేతిలో పెట్టేస్తుంది. ఖజానాకు చేరవలసింది మధ్యలో చేతులు మారినట్టే. వేడి ఎక్కేకొద్దీ ఈ లంచగొండితనం పెరుగుతుంది.

గది వేడిలో ఎడతెగక వెలిగే లేజరు 1970లో వచ్చింది. ఆ ఎనిమిదేళ్ళ కథ నాకెంతో ఇష్టం. పొలంలో పెట్టిన నీరు ఒకవైపే గట్టు ఉంటే నిలవదు కదా. తొలి లేజర్లలో ఎలక్ట్రానులు అలాగే పారిపోయేవి. 1963లో హెర్బర్ట్ క్రోమర్ అమెరికాలోనూ, జోరెస్ అల్ఫెరోవ్, కజారినోవ్‌లు సోవియట్ దేశంలోనూ ఎవరికి వారే ఒకే ఉపాయం చెప్పారు: వెలిగే పలుచని పొరకు రెండువైపులా వేరే పదార్థంతో గట్లు వేయడం. క్రోమర్ వ్రాసిన వ్యాసాన్ని మొదట పంపిన పత్రిక తిరగగొట్టింది. ఈ లేజరుకు లోకంలో ఉపయోగమేమీ ఉండబోదు కనుక దానిమీద పనిచేయడానికి వనరులివ్వమని ఆయన సంస్థవారే చెప్పారు. అటు లెనిన్‌గ్రాడ్‌లో అల్ఫెరోవ్ బృందమూ, ఇటు బెల్ ప్రయోగశాలల్లో ఇజువో హయాషి, మోర్టన్ పానిష్‌లూ 1970లో దాన్ని చేసి చూపించారు. 2000లో అల్ఫెరోవ్, క్రోమర్‌లకు నోబెల్ బహుమానంలో వాటా దక్కింది. మనం ఇంట్లో సీడీ వేసుకుని ఘంటసాలను విన్నా, సముద్రాల అడుగునుండి అమెరికా పిల్లలతో మాట్లాడినా ఆ రెండు గట్ల పుణ్యమే. గట్లు ఎంత ఎత్తైనా వేడికి మరిగిన ఎలక్ట్రానులు కొన్ని ఎగిరి దూకుతూనే ఉంటాయనుకోండి.

ఇంతకూ 'గది వేడి' అంటే ఎవరి గది? షెనెక్టడీలోనో లెనిన్‌గ్రాడ్‌లోనో గది వేడి 20 డిగ్రీలు. పల్నాటిలో మే నెల గది వేడి ఎంతో అక్కడ ఎవరూ కొలిచి ఉండరు.

రెంటచింతల పేరు వేసవిలో వార్తలు వినే తెలుగువారందరికీ తెలుసు. 45 డిగ్రీలు దాటడం అక్కడ విడ్డూరం కాదు. చుట్టూ సున్నపురాయి నేల, ఇళ్ళకు నాపరాళ్ళు. పగలు తాగిన ఎండను అవి రాత్రంతా కక్కుతాయి. ఆ ఊరికి ఎంతో దూరం లేని ఒక చోట, రోడ్డువార పొలాల మధ్య, మా సంస్థవారి పునరుత్పాదన కేంద్రం ఒకటి ఉండేది. పేరు పెద్దదే గాని అది రెండు గదుల డాబా. గాజుపోగులో ముప్పై నలభై కిలోమీటర్లు ప్రయాణించి అలసి వచ్చిన కాంతిని అందుకుని, చదివి, కొత్త లేజరుతో మళ్ళీ వ్రాసి ముందుకు పంపడమే దాని పని. 1990ల నాటి పాత వ్యవస్థ, సెకనుకు 140 మెగాబిట్లు. ఒక జత పోగులమీద ఏకకాలంలో 1920 మంది మాట్లాడుకోవచ్చు. లోపలి గదిలో ఏసీ రాత్రింబవళ్ళు 24 డిగ్రీలు. బయట కాపలాదారుకు రేకుల పాక.

కాపలా పెద్దాయనకు అప్పటికే అరవై దాటి ఉంటాయి. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. గుత్తేదారు మనిషి, సంస్థ మనిషి కాడు. ఆ గదిలోకి అధికారం లేనివారెవరూ అడుగు పెట్టరాదని తలుపుమీద బోర్డు. తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకే ఉండేది. నేను పనిమీద వెళ్ళినప్పుడు లోపలికి వచ్చి కూర్చోమనేవాణ్ణి. వచ్చి గడపలో కాసేపు కూర్చుని, "ఇదేం సలి బాబూ, ఎముకల్లోకి దిగుతా ఉంది," అని లేచిపోయి వేపచెట్టు కింద తుండుగుడ్డ పరుచుకునేవాడు.

2003 మే నెల గుర్తుండే ఉంటుంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వడగాడ్పులకు ఆ వేసవిలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఒకనాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కేంద్రంలో ఏసీ కంప్రెసరు ఆగిపోయింది. నేను ఆ దారిలోనే వేరే పనిమీద ఉన్నాను గనుక గంటలో చేరుకున్నాను. మెకానిక్కు గుంటూరునుండి రావాలి, రాత్రి లోపు రాలేనన్నాడు. ఆ మార్గానికి ప్రత్యామ్నాయమార్గం అప్పటికి లేదు. అది పడిపోతే ఆ పక్క ఊళ్ళకు ఫోను లేదు. వడదెబ్బ తిన్నవారికి అంబులెన్సు పిలవాలన్నా, గుంటూరు పెద్దాసుపత్రికి కబురు పంపాలన్నా ఆ 1920 దారులే. సెల్‌ఫోన్లు ఆ పల్లెలకు ఇంకా రాలేదు.

లేజరు డబ్బీలో, చిప్పు కింద, ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. 1834లో జాన్ పెల్టియే అనే ఫ్రెంచివాడు, గడియారాల పని వదిలి భౌతికశాస్త్రంలోకి వచ్చినవాడు, కనుగొన్న ఫలితం మీద నడిచే చలువబిళ్ళ అది. విద్యుత్తు పంపితే ఒక ముఖం చల్లబడుతుంది, రెండో ముఖం వేడెక్కుతుంది. చల్లని ముఖంమీద లేజరును కూర్చోబెట్టి, పక్కన ఒక ఉష్ణమాపకాన్ని ఉంచి, 25 డిగ్రీలు తప్పకుండా చూస్తారు. నేను వెళ్ళేసరికి గది 41. లేజరు విద్యుత్తు 32 మిల్లీ ఆంపియర్లు, ఎప్పటి అంకే. కొత్తగా చూసేవాడికి అంతా బాగున్నట్టే. కాని చలువబిళ్ళ మామూలుగా తాగే 0.4 ఆంపియర్లకు బదులు 0.8 తాగుతోంది. బయటికి కనబడని బరువంతా అది మోస్తోంది.

చలువబిళ్ళ మోయగలదానికి ఒక హద్దుంది, అది చాలా క్రూరమైన హద్దు. బిళ్ళ లాగే చలువ విద్యుత్తుతో సమానంగా పెరుగుతుంది. కాని విద్యుత్తు ఆ బిళ్ళలోనే పుట్టించే వేడి విద్యుత్తు వర్గంతో పెరుగుతుంది. అంటే ఒక చోటు దాటాక, ఎంత ఎక్కువ శ్రమపడితే అంత ఎక్కువ వేడి. దానికి తోడు రెండో ముఖం వదిలిన వేడి ఆ గదిలోకే పోతుంది, గది మరింత వేడెక్కుతుంది. లేజరు తరఫున ఇంకొక విషవలయం. కాంతి తగ్గకుండా చూసే అంగం ఒకటి ఉంటుంది, అది కాంతి తగ్గగానే విద్యుత్తు పెంచుతుంది. విద్యుత్తు పెరిగితే వేడి, వేడి పెరిగితే గడప ఎత్తు, గడప ఎత్తైతే కాంతి తగ్గుదల, మళ్ళీ విద్యుత్తు. అందుకే లేజరు విద్యుత్తు తొలినాటికంటె ఒకటిన్నర రెట్లయితే హెచ్చరిక మోగుతుంది. మా పెట్టెలో అది 48 దగ్గర. ఆపైన రక్షణ కోసం లేజరే ఆరిపోతుంది.

రెండింటికి గది 44. చలువబిళ్ళ 1 ఆంపియరు దగ్గర గరిష్ఠానికి చేరి ఆగిపోయింది. అప్పుడు మొదటిసారి లేజరు అంకె కదిలింది. 33. 34. ఐదు నిమిషాలకొకసారి వ్రాసుకుంటూ కూర్చున్నాను. 35. తలుపు తెరిస్తే బయట 46, ఈడ్చి కొట్టే వడగాలి.

పెద్దాయన గుమ్మంలోనుండి చూస్తున్నాడు. "పెట్టె కాగుతా ఉందా బాబూ?" అన్నాడు. అవునన్నాను. "గోతాలు తడిపి కిటికీకి కడితే సల్లబడద్ది. మా గేదెకు అట్టనే కడతా," అన్నాడు.

చెమ్మ అన్న మాట వినగానే సాంకేతికుడి గుండె ఒకసారి ఆగుతుంది. కాని నిలబడి లెక్క వేశాను. ఆ వడగాలి ఎముకలా ఎండి ఉంది. అంత పొడిగాలి తడిగుడ్డమీదుగా పోతే పది డిగ్రీలకు తగ్గకుండా చల్లబడుతుంది. చెమ్మ మంచుగా పట్టేది తనకంటె చల్లని వస్తువుమీదే. మా పెట్టె లోపలంతా గాలికంటె వేడిగా ఉంది, చల్లగా ఉన్న ఒకే ఒక్క చిప్పు గాలి చొరని డబ్బీలో సీలు చేసి ఉంది. ఏ చుక్కా పెట్టెమీద చిందకపోతే చాలు.

ఆరు గోతాలు. కాలువ ఎండిపోయింది, ఆయన తాగడానికి తెచ్చుకున్న రెండు బిందెలు, పక్క చేలో బోరునుండి మోసుకొచ్చిన మరి నాలుగు బిందెలు. గాలి వచ్చే వైపు కిటికీకి రెండు వరుసలుగా కట్టాం, ఎదుటి కిటికీ తెరిచాం. జెనరేటరు గదిలోని ఫ్యానును విప్పి తెచ్చి గోతాలకు ఇవతల పెట్టాం. పావుగంటకొకసారి ఆయన బయటినుండి చెంబుతో తడుపుతున్నాడు. అప్పటికి లేజరు 37. మూడున్నరకు గది 38కి దిగింది. చలువబిళ్ళ మళ్ళీ హద్దు లోపలికి వచ్చింది. నాలుగున్నరకు గది 35, బిళ్ళ 0.7, లేజరు 32. ఆ మూడు గంటలూ ఆ మనిషి 46 డిగ్రీల ఎండలో తలకు తడిగుడ్డ చుట్టుకుని నిలబడే ఉన్నాడు. నేను వెళ్ళి చెంబు అందుకోబోతే, "నువ్వు అంకెలు సూసుకో బాబూ, నాకవి రావు," అన్నాడు.

మెకానిక్కు రాత్రి పదింటికి వచ్చాడు. 1920 దారుల్లో ఒక్కటీ ఆగలేదు.

మరునాడు నేను పంపిన నివేదికలో రెండు కోరికలు వ్రాశాను. ఒకటి, రెండో ఏసీ. రెండు, కాపలా పాకకు కప్పుమీద తాటాకూ, లోపల ఒక ఫ్యానూ. జూన్ రెండో వారంలో రెండో ఏసీ వచ్చింది. రెండో కోరికకు జవాబుగా ఒకే వాక్యం: కాపలా సిబ్బంది గుత్తేదారు బాధ్యత గనుక అంచనాలో ఇందుకు పద్దు లేదు. గుత్తేదారునడిగితే నవ్వాడు. లేజరు ఏ ఉష్ణోగ్రతలో ఉండాలో తయారీదారు పత్రంలో దశాంశస్థానంతో సహా వ్రాసి ఉంటుంది. మనిషికి అటువంటి పత్రం జతచేసి పంపరు. ఫ్యాను నేను కొనిపెట్టాను గాని, అది దానమే అవుతుంది, పద్దు కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మర్యాదకు తీసుకున్నాడు.

వేడికి లేజరు రంగు కూడా మారుతుందని మొదట్లో అన్నాను, ఆ సంగతి చెప్పలేదు. 1550 దగ్గరి లేజరు డిగ్రీకి 0.1 నానోమీటరు చొప్పున ఎరుపువైపు జరుగుతుంది. ఒకే పోగులో అనేక రంగుల కాంతులను పక్కపక్కన పంపే వ్యవస్థల్లో రంగుకూ రంగుకూ మధ్య ఎడం 0.8 నానోమీటర్లు, ఒక్కొక్కచోట అందులో సగం. అంటే ఎనిమిది డిగ్రీలు వేడెక్కిన లేజరు నేరుగా పొరుగువాడి పడకటింట్లో తేలుతుంది. రెండు మూడు డిగ్రీలకే గోడకవతల గొడవ వినబడడం మొదలవుతుంది. అందుచేత అక్కడ చలువబిళ్ళ తప్పదు. కాని ఇంకొక పద్ధతి కూడా ఉంది, నా మనస్సుకు నచ్చినది అదే. రంగుల మధ్య ఎడాన్ని 20 నానోమీటర్లకు పెంచేశారు. లేజరుకు చలువబిళ్ళ లేదు, ఏసీ లేదు. 70 డిగ్రీల తేడాకు అది 7 నానోమీటర్లు అటూ ఇటూ తిరుగుతుంది, తిరగనీ! దాని పెరట్లో అది తిరుగుతుంది. దారులు తక్కువే, కాని ఖర్చూ తక్కువే.

ఇప్పుడు ఇళ్ళకు వచ్చే గాజుపోగు కొసన గోడకు వేలాడే తెల్లని డబ్బాలోనూ ఇదే నీతి. మన మాటను పైకి పంపే ఆ లేజరుకు 1310 దగ్గర కేటాయించిన పట్టీ మొదట 1260 నుండి 1360 దాకా, నూరు నానోమీటర్ల వెడల్పు. చవక లేజరు ఎండకూ చలికీ ఎటు జరిగినా ఆ పట్టీ దాటదు. పైగా ఫాస్ఫరసుకు బదులు అల్యూమినియం కలిపిన మిశ్రమాలు వచ్చాక ఎలక్ట్రానులకు గట్టు ఎత్తై, ఓర్పుసంఖ్య మెరుగుపడింది. సున్నాకు 40 డిగ్రీలు దిగువనుండి 85 దాకా చలువ లేకుండా పనిచేసేవి బజారులో మామూలుగా దొరుకుతాయి. పునరుత్పాదన కేంద్రాలు కూడా చాలావరకు మూతపడ్డాయి. ఎర్బియం కలిపిన పోగులు కాంతిని కాంతిగానే పెంచగలగడంతో ముప్పై నలభై కిలోమీటర్లకొక డాబా అక్కరలేకపోయింది. పల్నాటిలోని ఆ డాబాను 2008లో మూసేశారు. పెద్దాయన అంతకు రెండేళ్ళ ముందే పని మానుకుని మాచర్లలో కూతురి దగ్గరకు వెళ్ళాడని విన్నాను.

చలి గదిలో పుట్టి, మెట్టుమెట్టుగా వేడిలోకి నడిచి వచ్చిన ఈ కథ మరొక జాతిలో మొదటినుండీ జరుగుతోంది. 1994లో బెల్ ప్రయోగశాలల్లో పుట్టిన క్వాంటం కాస్కేడు లేజర్లలో టెరాహెర్ట్జ్ కిరణాలిచ్చే రకం 2002లో మొదటిసారి వెలిగింది. అప్పుడు దానికి 50 కెల్విన్లు దాటితే పనికిరాదు. మెట్ల మధ్య ఎడం మరీ చిన్నది కనుక కొద్దిపాటి వేడికే పైవారూ కిందివారూ కలిసిపోతారు. ఇరవై ఏళ్ళ శ్రమతో 2021 నాటికి 250కి తెచ్చారు. ఆ క్రమంలో ద్రవ నత్రజనిని వదిలి మళ్ళీ మన పెల్టియే బిళ్ళ సరిపోయే చోటికి వచ్చారు. 2023లో 261. అంటే సున్నాకు 12 డిగ్రీలు దిగువ. వారి లెక్కలో గది వేడికి ఇంకా ముప్పై చిల్లర డిగ్రీలు దూరం. రెంటచింతల మే నెల గదికైతే దాదాపు అరవై.